ఏడాది ఆగిన తేనెచుక్క

చెక్క బీరువాలో పై అర. స్టీలు డబ్బాల వెనకాల, మూతకి గుడ్డ చుట్టి బిగించిన గాజుసీసా. అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్లే దారిలో, కొబ్బరితోట మధ్యనున్న ఆ ఇంట్లో అందరికీ దాని సంగతి తెలుసు. పిల్లలకి దగ్గొస్తే ఆ సీసా కిందకి దిగుతుంది. గుళ్లో పంచామృతాభిషేకమంటే దిగుతుంది. ఆయుర్వేద వైద్యుడిచ్చిన చూర్ణం రంగరించుకోవాలంటే దిగుతుంది. బీరువా తాళంచెవి మాత్రం ఎప్పుడూ మామ్మగారి కొంగునే ఉంటుంది.

ఆరోజు సీసా దిగింది మాత్రం అంతకన్నా పెద్ద పనికి. మనవరాలికి తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మామ్మగారు స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఉగ్గుగిన్నెలో రెండు చుక్కల తేనె వేసుకుని, బంగారు ఉంగరం కొంగున ముడేసుకుని ఆటో ఎక్కారు. పుట్టిన బిడ్డ నాలిక మీద మొదట తగలాల్సింది తేనేనని ఆవిడ నమ్మకం. అలా పెడితే మాట తియ్యగా వస్తుందంటారు. ఆవిడ కన్న అయిదుగురికీ అలాగే పెట్టారు. వాళ్ల పిల్లలకీ అలాగే పెట్టారు.

ఆసుపత్రి గదిలో ఉంగరం తేనెలో ముంచారో లేదో, నర్సమ్మ గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘వద్దండి మామ్మగారూ! ఏడాది నిండేదాకా పిల్లలకి తేనె పెట్టకూడదండి.’’

మామ్మగారికి చివుక్కుమంది. ‘‘నా తేనెలో కల్తీ లేదమ్మా! మా తోటలో పట్టిందే. పంచదార పాకం కాదు’’ అన్నారు కాస్త గట్టిగానే. మనవరాలు మంచం మీద నుంచి ‘‘మామ్మా, ఒక్కసారి డాక్టరుగారు చెప్పేది విను’’ అని బతిమాలింది. మామ్మగారు ఉంగరం తుడిచేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ముఖం మాత్రం ముడుచుకునే ఉంది.

మంచి తేనెకీ మినహాయింపు లేదు

పిల్లల డాక్టరు వచ్చి ఆవిడ పక్కనే కూర్చున్నారు. ‘‘మీ తేనె మంచిదేనండి. నాకు అనుమానం లేదు. గొడవ కల్తీతో కాదు’’ అంటూ మొదలుపెట్టారు.

మట్టిలో, దుమ్ములో క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి విత్తనాల్లాంటివి ఉంటాయి. తేనెటీగలు పువ్వు మీద వాలినా, నీటి గుంట దగ్గర వాలినా అవి తేనెలోకి చేరొచ్చు. ఎంత స్వచ్ఛమైన తేనెకైనా ఇది తప్పదు. పెద్దవాళ్ల పొట్టలో వాటి ఆటలు సాగవు. అక్కడ మేలుచేసే బ్యాక్టీరియా కాపలా కాస్తుంటుంది. పసిబిడ్డ పేగుల్లో ఆ కాపలా ఇంకా ఏర్పడదు. అందుకని అవి మొలకెత్తి విషాన్ని తయారుచేసే ప్రమాదం ఉంది. ఆ విషం నరాల మీద పనిచేస్తుంది. బిడ్డకి విరేచనం ఆగిపోతుంది. ఏడుపు నీరసంగా వస్తుంది. పాలు చప్పరించే శక్తి తగ్గుతుంది. మెడ నిలవదు, కాళ్లూచేతులూ వేలాడేస్తుంది. ముదిరితే ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. పసివాళ్లలో ఈ జబ్బుని వైద్యులు మొదటిసారి గుర్తించింది 1976లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో.

‘‘మరి మావాళ్లందరికీ పెట్టాను కదండీ... ఎవరికీ ఏమీ కాలేదే!’’ అన్నారు మామ్మగారు.

‘‘చాలామందికి ఏమీ కాదండి. ఎవరికవుతుందో మాత్రం ముందు చెప్పలేం. అందుకని అందరికీ వద్దంటాం’’ అన్నారు డాక్టరు.

‘‘పోనీ, కాచి చల్లార్చి పెడితేనో?’’

‘‘ఇంట్లో కాస్తే ఆ విత్తనాలు చావవండి. మొదటి గంటలో తల్లిపాలు పట్టించండి. ఆరునెలల దాకా అవే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు.’’

తిరిగొచ్చేటప్పుడు ఉగ్గుగిన్నె ఖాళీగా ఉంది. తేనె ఏం చేశారని కోడలు అడిగితే ‘‘నేనే నాకేశాను’’ అన్నారు మామ్మగారు. ఆ రాత్రి ఆవిడ సరిగా నిద్రపోలేదు. బిడ్డకి పెట్టలేకపోయానన్న బాధ ఒకటి. ఇన్నాళ్లూ తెలియక పెట్టానే, ఏదైనా జరిగుంటేనో... అన్న భయం ఇంకొకటి.

మిగతావాళ్లకి మహారాజే!

బిడ్డకి వద్దన్నంత మాత్రాన తేనె చెడ్డదైపోదు కదా! మామ్మగారి సీసా ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంది.

మనవడికి పొడిదగ్గు పట్టుకుంటే చెంచా తేనెలో చిటికెడు మిరియాల పొడి. గొంతు పట్టేస్తే నాలుగు చుక్కల అల్లంరసంలో తేనె. కోనసీమలో ముసురు పట్టిందంటే ఇంటికొకరు దగ్గుతుంటారు. అప్పుడు ఇరుగుపొరుగు గ్లాసు పట్టుకుని వచ్చేది ఈ గుమ్మానికే. ఇది వట్టి బామ్మల వైద్యం కాదని ఆధునిక వైద్యమూ ఒప్పుకుంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లల మీద ఓ పరిశీలన జరిగింది. పడుకోవడానికి అరగంట ముందు తేనె తాగిన పిల్లలకి, ఏమీ తీసుకోని పిల్లలకన్నా దగ్గు తగ్గి నిద్ర బాగా పట్టిందని తల్లిదండ్రులు చెప్పారు. మామూలు దగ్గుకి యాంటీబయాటిక్స్ జోలికి పోకుండా ముందు తేనెలాంటివి వాడి చూడమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2018లో సూచించాయి. అయితే దగ్గు వారాల తరబడి తగ్గకపోయినా, జ్వరమో ఆయాసమో తోడైనా తేనెతో కాలక్షేపం చేయకూడదు.

చిన్నచిన్న గీరుళ్లకి తేనె రాయడం కూడా ఆ ఇంట్లో అలవాటే. తేనెలో నీరు తక్కువ, చక్కెర ఎక్కువ. పైగా పుల్లటి గుణం. సూక్ష్మజీవులకి అందులో బతకడం కష్టం. తేనెటీగలు కలిపే ఓ ఎంజైము వల్ల, పుండు తడి తగిలినప్పుడు కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. చర్మం పైపొరల్లో అయిన కాలిన గాయాలు తేనె కట్టుతో కొన్ని మామూలు కట్లకన్నా త్వరగా మానుతున్నాయని 2015లో కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. కానీ ఆసుపత్రుల్లో వాడేది ప్రత్యేకంగా సూక్ష్మజీవరహితం చేసిన తేనె. అందుకే వంటింట్లో చెయ్యి కాలితే ముందు చల్లటి నీళ్ల ధార కింద పెట్టాలి. లోతు గాయమైతే సీసా వెతక్కుండా ఆసుపత్రికే వెళ్లాలి.

మామ్మగారి అబ్బాయికి షుగరుంది. ‘‘తేనె కదా, ఫర్వాలేదు’’ అని ఆయన పొద్దున్నే నిమ్మరసంలో రెండు చెంచాలు కలుపుకునేవారు. తేనెలో నూటికి ఎనభై పాళ్లు చక్కెరలే. ఒక పెద్ద చెంచాడు తాగితే అరవై కేలరీల పైనే. తేనె నీళ్లు కొవ్వుని కరిగిస్తాయన్న మాటకి ఆధారమూ లేదు. కాఫీలో పంచదార మానేసి కొంచెం తేనెతో సరిపెట్టుకునేవాళ్లకి మేలేగానీ, పంచదార మీద తేనె కూడా తోడైతే మిగిలేది బరువే. ఈ సంగతి చెప్పి కొడుకు గ్లాసులోంచి తేనె తీయించింది కూడా మామ్మగారే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ తేనె గురించి కనబడిన డాక్టరునల్లా అడగడం మొదలుపెట్టారు మరి!

కొబ్బరిపువ్వు రుణం

అసలా సీసాలోకి తేనె ఎక్కణ్నుంచి వస్తుంది? కొబ్బరి దింపులకి వచ్చే మనిషి తెస్తాడు. చెట్టెక్కినప్పుడు చుట్టుపక్కల తొర్రల్లో, కొమ్మల్లో ఎక్కడ పట్టుందో అతని కంట పడుతుంది. పట్టు తెచ్చిన రోజు ఇంట్లో పండగే. మామ్మగారు మైనంతో మూతపడిన గదులున్న ముక్కల్ని వేరుచేస్తారు. పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి గిన్నె మీద వేలాడదీస్తారు. తేనె దానంతటదే చుక్కచుక్కగా దిగాలి. పొయ్యి ఎక్కించడం ఉండదు. మూతపడని గదుల్లో తేనె ఇంకా పల్చగా ఉంటుంది, త్వరగా పులుస్తుంది. దాన్ని విడిగా ఉంచి ముందే వాడేస్తారు.

ఇప్పుడు బజార్లో ‘రా హనీ’ అని అమ్ముతున్నది ఇలాంటి ముడి తేనెనే. ఎక్కువ వేడి తగలదు కాబట్టి ఎంజైములు, సువాసన నిలుస్తాయి. మెత్తటి జల్లెళ్లలో వడకట్టరు కాబట్టి పుప్పొడీ ఉంటుంది. దాంతోపాటు ఓ బాధ్యతా ఉంటుంది. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. మూత వదులైతే తేనె గాలిలో తడిని లాక్కుంటుంది. నురగ కడుతుంది, పుల్లటి వాసనొస్తుంది. అందుకే గాజుసీసా, గట్టి మూత, పొడి చెంచా. ఫ్రిజ్ అక్కర్లేదు. అడుగున గడ్డకడితే పంచదార కలిపారని గాబరా పడనక్కర్లేదు. మంచి తేనె కూడా గడ్డకడుతుంది. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా ఉంచితే కరిగిపోతుంది.

తేనెటీగకీ కొబ్బరిచెట్టుకీ ఉన్న బంధం పాతది. మన పొడుగు రకం చెట్టు పొత్తులో ముందు మగపూలు విచ్చుకుంటాయి. అవి రాలిపోయాక గానీ ఆడపూలు సిద్ధం కావు. అంటే పక్క చెట్టు నుంచి పుప్పొడి రావాల్సిందే. ఆ పని కొంత గాలి చేస్తే, కొంత తేనెటీగలు చేస్తాయి. ఏడాది పొడవునా పొత్తులు వేసే కొబ్బరితోట వాటికి అన్నదాన సత్రం లాంటిది. రాజోలు, కొత్తపేట తోటల్లో గెలనిండా కాయ దిగిందంటే అందులో వాటి కష్టమూ ఉంది.

ఆ ఈగలే కష్టంలో పడ్డాయి. 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో మన నాటు తేనెటీగల్ని ఊడ్చిపెట్టేసింది. పురుగుమందులు, పాత చెట్లు కొట్టేయడం సరేసరి. ‘‘ఆయ్... ఇదివరకులా పట్లు దొరకట్లేదండి మామ్మగారూ’’ అంటాడు దింపు మనిషి.

పట్టు దొరకని ఏడాది బయట కొనాల్సిందే. మన్యంలో కొండరెడ్లు తదితరులు సేకరించే తేనెని, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని, శుద్ధిచేసి అమ్ముతుంది. ఇక పెద్ద పెద్ద కంపెనీల సీసాల విషయంలో 2020 డిసెంబరులో పెద్ద దుమారమే లేచింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెని పరీక్ష చేయించింది. జర్మనీలో చేయించిన ఎన్ఎంఆర్ పరీక్షలో పది బ్రాండ్లు నిలబడలేదని ప్రకటించింది. కంపెనీలు కాదన్నాయి. నీళ్లలో చుక్క వేసి చూడటం, వత్తి ముంచి వెలిగించడం లాంటి ఇంటి పరీక్షలతో కల్తీ బయటపడదు. తెలిసినవాళ్ల దగ్గర, పట్టు ఎక్కడిదో చెప్పగలిగిన వాళ్ల దగ్గర కొనుక్కోవడమే సామాన్యుడి చేతిలో ఉన్న ఉపాయం.

ఆ ఏడాది పట్టు కనబడిందని కబురొచ్చినప్పుడు మామ్మగారు ఓ షరతు పెట్టారు. ‘‘మంటపెట్టి ఈగల్ని చంపకు. తేనె ఉన్న ముక్క మటుకే కోసుకురా. పిల్లలున్న పట్టు ముట్టుకోకు.’’

దింపు మనిషి తెల్లబోయి చూసి, ‘‘అలాగేనండి’’ అన్నాడు.

మొదటి పుట్టినరోజు

ఆరోనెలలో అన్నప్రాశన వచ్చింది. పరమాన్నంలో ఒక్క చుక్క వేస్తే ఏమవుతుందని చుట్టాలు అడిగారు. మనవరాలు జవాబు చెప్పేలోపే మామ్మగారు అందుకున్నారు. ‘‘ఏడాది నిండాలి. ఉడికినా ఆ పురుగు చావదుట. ఈపూటకి బెల్లం చాలు.’’ మనవరాలు నవ్వు దాచుకుంది.

అలాగని ఆవిడ సంప్రదాయాన్ని వదులుకోలేదు. మధుపర్కాల మాటే తీసుకుంటే, ఒకప్పుడు మధుపర్కమంటే పెళ్లికొడుక్కి ఇచ్చే తేనె, పెరుగు, నెయ్యి కలిపిన పానీయం. ఆ వేళ పెట్టే బట్టలకి తర్వాత ఆ పేరొచ్చింది. తేనె గిన్నెలోంచి బట్ట మీదికి మారినా మధుపర్కం మధుపర్కమే అయినప్పుడు, పుట్టినరోజుకి పెట్టాల్సిన చుక్క మొదటి పుట్టినరోజుకి మారితే వచ్చిన లోటేమిటి?

సరిగ్గా ఏడాదికి పాపకి తలంటి, కొత్త గౌను తొడిగి పీట మీద కూర్చోబెట్టారు. సీసా దిగింది. కొంగుముడిలోంచి అదే ఉంగరం వచ్చింది. అదే ఉగ్గుగిన్నె. మామ్మగారు ఉంగరం అంచుతో పాప నాలిక మీద తేనె తాకించారు. పాప ఒక్క క్షణం ఆగింది. పెదాలు చప్పరించింది. ఇంకా కావాలన్నట్టు రెండు చేతులతో ఉంగరం పట్టుకుని లాగింది.

‘‘చాల్లేవే గడుగ్గాయీ! మిగతాది నీకు దగ్గొచ్చినప్పుడు’’ అంటూ మామ్మగారు సీసాకి మూత బిగించి, గుడ్డ చుట్టి, బీరువా పై అరలో పెట్టేశారు.