గోడ వెనుకటి బలము

ఇంటిలో నేల వస్తువులను మోయును. గోడ వానిని వ్రేలాడదీసికొనును. నేల మోయుటలో విశేషమేమియు లేదు. పైన పెట్టినదాని నెల్ల మారుమాటాడక భరించుట దాని ధర్మము. గోడ సంగతి అట్లు కాదు. నిలువుగా నున్న తలమునకు బరువు తగిలించి, అది జారిపోకుండ నుండవలెనని కోరుట ప్రకృతికి కొంత విరుద్ధమైన కోరిక. ఆ కోరికను తీర్చుకొనుటకే మానవుడు కొయ్యను, మేకును, మరచీలను కల్పించుకొనెను. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని పడకగదిని వర్ణించుచు నాగదంతమను గోడకొయ్యకు వ్రేలాడు వీణను పేర్కొన్నాడు. మన తాతలనాటి మండువా లోగిళ్ళలో, గోడ కట్టునపుడే బిగించిన చిలుకకొయ్యలకు ఉత్తరీయములును చేతిసంచులును వ్రేలాడుచుండెడివి. ఆ గోడలు మూరెడు మందము. కొయ్య ఎంత లోతునకు దిగినను అవతల గోడ ఇంకను మిగిలియుండెడిది. అందుచేత గోడ బలమెంత యని ఆ రోజులలో అడిగిన పాపమున పోయినవారు లేరు.

ఇప్పుడా ప్రశ్న అడుగక తప్పని గోడలు వచ్చినవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో క్రొత్తగా ఇల్లు కొనుక్కొన్న తెలుగు సంసారము నొకదానిని ఊహింపుడు. గృహప్రవేశము జరిగినది, పాలు పొంగినవి, పెట్టెలో బట్టల నడుమ భద్రముగా సముద్రములు దాటివచ్చిన వేంకటేశ్వరస్వామి పటము, తాతగారి ఛాయాచిత్రము, టేకుతో చేయించిన పూజామందిరము గోడ కెక్కుటకు సిద్ధముగా నున్నవి. పిల్లలను చూచి పోవుటకు వచ్చిన పెద్దాయన సుత్తి తీసికొని, మేకును రెండు వ్రేళ్ళ నడుమ పట్టి, స్వగ్రామమందలి ఇటుకగోడను తలచుకొని ఒక్క దెబ్బ వేయును. మేకు తలదాక దిగబడిపోవును. "ఇదేమిట్రా అబ్బాయీ, గోడా, అట్టా?" అని ఆయన అడుగును. "రెండూనండీ నాన్నగారూ" అని కొడుకు బదులు చెప్పును. అది హాస్యము కాదు, అక్షరసత్యము.

జిప్సము రాతిని కాల్చి పొడిచేసి, నీటితో కలిపి, ఆ ముద్దను రెండు దళసరి కాగితముల నడుమ పలకగా గట్టిపరచినచో డ్రైవాల్ అగును. 1894లో అగస్టిన్ సాకెట్ అను అమెరికను కాగితమును జిప్సమును పొరలుగా పేర్చిన పలకకు పేటెంటు పొందెను. తరువాతి తరమున దానికి మెరుగులు దిద్దగా, షీట్‌రాక్ అను పేరుతో అది అంగడి కెక్కెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము లక్షలాది గృహములు త్వరత్వరగా కావలసివచ్చినపుడు, సన్నని బద్దలపై తడిగార మెత్తి దినములకొలది ఆరనిచ్చు పాతపద్ధతిని ఈ పలక వెనుకకు నెట్టివేసెను. గదుల గోడలకు సామాన్యముగా వాడునది అర అంగుళము మందము. దాని వెనుక 16 అంగుళముల కొకటి చొప్పున స్టడ్డులను నిలువు కొయ్య లుండును. రెండంగుళముల కొయ్యలని పేరేగాని, కొలిచిన ముఖము ఒకటిన్నర అంగుళమే. కొయ్యకు కొయ్యకు నడుమ గాలియో గాజుదూదియో ఉండును.

పైన పటారము, లోన లొటారము అని ఈ గోడను ఎత్తిపొడుచుట సులభము. కాని ఆ బోలుతనమునకు పనులు చాల కలవు. విద్యుత్తీగలు, నీటిగొట్టములు, చలిని అడ్డగించు గాజుదూది అన్నియు అందే దాగికొనును. మన ఇండ్లలో ఒక్క తీగ మార్చవలెనన్న గోడను ఉలితో చీల్చి, ఇల్లంతయు దుమ్ముచేసి, మరల సిమెంటు పూయవలెను. అక్కడ పలకను కోసి, పని ముగించి, తిరిగి అతికించి రంగు వేయుదురు. జిప్సము బరువులో ఐదవ వంతు స్ఫటికజలమే. అగ్ని సోకినపుడు ఆ జలము ఆవిరియగుచున్నంతసేపు వెనుకనున్న కొయ్య కాలకుండ కొంత గడువు దొరకును. ఇన్ని పనులు చేయు గోడ, బరువు మోయుదునని మాత్రము ఎన్నడును మాట ఈయలేదు. ఈయని మాటను తప్పెనని నిందించుట న్యాయము కాదు. హైదరాబాదు కార్యాలయములలో గదిని రెండుగా చేయుటకు నిలుపు జిప్సము బోర్డుల అడ్డుగోడలదియు ఇదే స్వభావము.

ఘనమైన గోడకు మరచీల బిగించు విద్య వేరు. లండనులోని బ్రిటిష్ మ్యూజియము గోడలకు, కట్టడము చెడకుండ, విద్యుత్పరికరములు తగిలింపవలసి వచ్చినపుడు జాన్ రాలింగ్స్ అను ఆంగ్లేయుడు జనపనారను జంతురక్తముతో అంటించి చిన్న గొట్టములుగా చేసి బెజ్జములలో దిగవేసెను. ఇది 1910 ప్రాంతపు మాట. మన ఎలక్ట్రీషియనులు నేటికిని పలుకు రావల్‌ప్లగ్గు ఆయన పేరిటిదే. 1958లో జర్మనీ దేశస్థుడు ఆర్టూర్ ఫిషర్ దానిని నైలానుతో చేసెను. నార యైనను నైలా నైనను సూత్ర మొక్కటే: మరచీల దిగినకొలది ప్లగ్గు ఉబ్బి, చుట్టునున్న ఇటుకను ఒత్తి, ఆ ఒత్తిడిచేత నిలుచును. ఒత్తుటకు ఇటుకయే లేని చోట ఆ విద్య పారదు. అర అంగుళము సుద్ద యెంత ఒత్తిడికి తాళును? ప్లగ్గు కొంతసేపు నిలిచినట్లే నటించి, తెల్లని పొడి రాల్చుచు, మరచీలతోగూడ ముందుకు వచ్చును.

కావున మొదటి ఉపాయము స్టడ్డును వెదకుట. వ్రేలి కణుపుతో తట్టుచు పోయినచో బోలుచోట గుల్లధ్వనియు, కొయ్యపై గట్టిధ్వనియు వినవచ్చును. చిన్న అయస్కాంతమును గోడపై నడిపినచో పలకను కొయ్యకు బిగించిన మరచీలల తలలకడ అది అంటుకొనును. విద్యుత్తు ప్లగ్గుపెట్టె సాధారణముగా ఏదో యొక స్టడ్డు ప్రక్కనే బిగింపబడియుండును. అచటనుండి 16 అంగుళములు కొలుచుకొనుచు పోవచ్చును. ఆ పెట్టెకు సరిగా పైనను క్రిందను తీగలుండుట వాడుక గనుక అచట మాత్రము బెజ్జము వేయరాదు. స్టడ్డు దొరికినచో మరకు పట్టునిచ్చు యాంకరు అను సాధనము వేరే అక్కరలేదు. మంచి కొయ్యమర చాలును. కాని వాస్తుశాస్త్రము ఈశాన్యమును చెప్పినదిగాని స్టడ్డును చెప్పలేదు. దేవుని మందిరము ఉండవలసిన చోట కొయ్య ఉండదు; కొయ్య ఉన్న చోట దేవుని నుంచుటకు ఇల్లాలు ఒప్పదు. ఈ సంకటమునందే బోలుగోడ యాంకరులు అక్కరకు వచ్చును.

అవి పలు విధములు. తేలికపటమునకు లావుమరలు గల ప్లాస్టిక్కు యాంకరు చాలును. అది తన మొనతో తానే పలకను తొలుచుకొనిపోయి మరలచేత పట్టుకొనును. మాలీ బోల్టు ఇంకొక మెట్టు పైది. దాని లోహపు తొడుగు గోడలోనికి పోయిన పిమ్మట, మర త్రిప్పినకొలది నడుము వంగి పలక వెనుక నాలుగు కాళ్ళు చాచును. తరువాత మరను ఊడదీసినను తొడుగు గోడలోనే యుండును గనుక వస్తువును దింపి మరల తగిలింపవచ్చును. అయితే దాని పొడవు పలక మందమునకు సరిగా తగియుండవలెను. భారమైనవానికి టాగిల్ బోల్టు. దానికి స్ప్రింగుతో కూడిన రెండు రెక్కలుండును. ముడిచిన గొడుగు ఇరుకుసందు దాటి ఆవల విచ్చుకొనునట్లు, అవి ముడుచుకొని బెజ్జము దాటి, వెనుక శూన్యమున తెరచుకొనును. ఇచట పట్టు బెజ్జపు టంచులలో లేదు, వెనుక తెరచుకొన్న రెక్కల వెడల్పునందు కలదు. ఒక్క బిందువున బడవలసిన బలము పలక వెనుక విస్తారమున పంచబడును. ఘనమైన గోడలో మేకు బిగువుచేత నిలుచును. బోలుగోడలో విరివిచేత నిలుచును.

ఆ పని చేయు తీరు చూడదగినది. పెన్సిలుతో గుర్తు పెట్టి, రసమట్టముతో సరిచూచుకొనవలెను. పావు అంగుళపు బోల్టుకు 5/8 అంగుళము బెజ్జము కావలెను. బోల్టుకంటె రంధ్ర మింత పెద్దదేమని తొలిసారి చూచినవాడు దిగులుపడును, కాని ముడిచిన రెక్కలు పట్టవలెను గదా. తరువాత వరుస తప్పరాదు: బోల్టును ముందుగా బ్రాకెట్టులో దూర్చి, ఆ పిమ్మట రెక్కల నెక్కించి, అటుపిమ్మట గోడలోనికి త్రోయవలెను. బ్రాకెట్టును మరచినవాడు బోల్టును వెనుకకు త్రిప్పి తీసినచో, రెక్కలు గోడ గర్భమున టక్కుమని రాలి, ఆ ఇల్లు ఉన్నంతకాలము అచటనే యుండును. రెక్కలు విచ్చిన చప్పుడు వినబడగానే బ్రాకెట్టును తనవైపునకు లాగి పట్టుకొని మర త్రిప్పవలెను. లాగనిచో రెక్కలు మరతోబాటు గిరగిర తిరుగునేగాని బిగియవు. బ్రాకెట్టు కదలక నిలిచినంతనే ఆగవలెను. ఇంకొక చుట్టు త్రిప్పుదమను ఉబలాటము సుద్దపలకను నలుగగొట్టును.

బరువెంత యని మాత్రమే గాక, అది ఏ దిక్కునకు లాగుచున్నదో కూడ అడుగవలెను. గోడ కంటుకొని వ్రేలాడు పటము క్రిందికి లాగును. దానిని పలక చక్కగా సహించును. ముందునకు పొడుచుకొనివచ్చిన గోడ అర మీటినట్లు బయటికి లాగును. బ్రాకెట్టు ఎత్తు 5 అంగుళములై, గోడకు 10 అంగుళముల దూరమున 10 పౌనుల బరువు పెట్టినచో, పైమరను బయటికి లాగు బలము సుమారు 20 పౌనులగును. డబ్బామీద అచ్చువేసిన అంకె పరీక్షలో యాంకరు ఊడివచ్చిన బరువైనచో, అందు నాలుగవ వంతునే నిత్యోపయోగమునకు లెక్కించుకొనుట సంప్రదాయము. పైకప్పునం దన్ననో, బరువంతయు ఊడబెరుకు దిక్కుననే పనిచేయును. అచట ప్లాస్టిక్కు యాంకరును నమ్మరాదు. ముచ్చటపడి తెచ్చుకొన్న ఉయ్యాలబల్లకు ఏ యాంకరును పనికిరాదు. కప్పు దూలములనే ఆశ్రయింపవలెను.

ఇంతవరకు గోడను తెలిసికొంటిమి, బరువును తెలిసికొంటిమి. తెలిసికొనవలసినది మరియొకటి కలదు: బరువు పెట్టువాడు. పటము ఈనాడెంతయో పదేండ్లకును అంతే. గోడ అర అట్లు కాదు. మూడు పుస్తకముల కొరకని బిగించిన దానిపై పండుగనాటికి ఇత్తడి కుందులు, పరీక్షలనాటికి నిఘంటువులు, చుట్టములు వచ్చిననాటికి ఆవకాయ జాడీ చేరును. పూజామందిరమునను దేవుళ్ళు ఏటేట పెరుగుదురేగాని తరుగరు. పెట్టినవాడు ఒక్కొక్కటిగా పెట్టును గనుక బరువు పెరిగినదని ఎరుగడు. కూడిక అంతయు గోడయే వేసికొనును. ఈ లెక్క ఏ డబ్బామీదను అచ్చుకాదు, అంగడివాడు చెప్పలేడు. ఇంటివారి అలవాటు తెలిసినవాడే చెప్పగలడు. అందుచేత మూడు పుస్తకములకని అర కోరిన ఇంటిలో ముప్పదింటికి తగిన యాంకరు వేయువాడు భయస్థుడు కాడు. ఆ ఇంట కొంతకాలము కాపురముండి తెలిసికొన్నవాడు.