తిరుగు తేదీ తేలాకే ఓడ ఎక్కాలి

గోదావరి జిల్లాలలో పుట్టిన వారికి నీటి ప్రయాణం కొత్త కాదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు మీద దాటడం ఇక్కడి ప్రజలకు నిత్యకృత్యం. ఒక పంటు తప్పితే మరొకటి వస్తుంది. అందుచేతనే కాబోలు, రేవు దాటడానికి మనలో ఎవరూ ముందుగా లెక్కలు వేసుకోరు. సముద్రపు ఓడ సంగతి వేరు. అది తప్పితే కొన్ని వారాలు ఎదురుచూడవలసి రావచ్చు.

మా మద్రసాకు పిల్లలను పంపే కుటుంబాలలో కొందరు ఈమధ్య విశాఖపట్నం నుంచి ఓడలో అండమాన్ దీవులకు వెళ్ళాలని ఉత్సాహపడుతున్నారు. టిక్కెట్ల గురించి, నమాజుల గురించి మమ్మల్ని అడుగుతున్నారు. ఆ సంగతులు చెప్పబోయే ముందు, మన తీరం నుంచే ఓడలెక్కిన వెనుకటి తరాలను ఒకసారి తలచుకోవడం మంచిదని మాకు తోస్తున్నది.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి అనే ఊరు ఉంది. నేడు యాత్రికులు అక్కడి మడ అడవులను చూడడానికి వెళుతున్నారు. ఒకనాడు అది ఓడలు కట్టే, ఓడలు ఆగే పేరుమోసిన రేవు. 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన ఉప్పెన ఆ రేవును దెబ్బతీసింది. వర్తకం క్రమంగా కాకినాడకు తరలింది. అయినా కోరంగి పేరు సముద్రం దాటి నిలిచింది. బర్మా దేశంలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనే పిలిచేవారు.

రంగూన్‌ను మన పెద్దలు ‘రంగం’ అనేవారు. రంగం వెళ్ళడమంటే కూలి వెతుక్కుంటూ వెళ్ళడమే. డెల్టా కాలువలలో పడవల మీద కాకినాడ చేరేవారు. అక్కడ తీరం దగ్గర లోతు చాలదు గనుక స్టీమర్లు కొన్ని మైళ్ళ దూరాన లంగరు వేసేవి. చిన్న నావలు ప్రయాణికులను వాటి దగ్గరకు చేర్చేవి. బీదవారికి దొరికేది డెక్కు మీద చోటు. ఎండకూ వానకూ ఓర్చుకుంటూ బంగాళాఖాతం దాటి, రంగూన్ రేవులో మూటలు మోయడానికో, బియ్యపు మిల్లులలో పనిచేయడానికో చేరేవారు.

వారిలో అనేకులకు ఓడ ఖర్చులను మేస్త్రీ ముందుగా ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేవరకు కూలిలో కొంత అతనికే పోయేది. అంటే బయలుదేరే రోజు వారి చేతిలో ఉన్నా, తిరిగి వచ్చే రోజు అప్పిచ్చినవాని చేతిలో ఉండేది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పని కోసం తలెత్తిన తగాదా రక్తపాతంగా మారింది. 1937లో బర్మా భారతదేశం నుంచి వేరుపడింది. 1942 మార్చిలో రంగూన్ జపాను సేనల వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఓడలలో చోటు దొరకని బీదలు లక్షలాదిగా అరకాను, మణిపురం కొండదారుల వెంట కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. ఆకలితో, జ్వరాలతో దారిలోనే కన్నుమూసిన వారు ఎందరో. ఓడలో వెళ్ళినవాడు ఓడలోనే తిరిగి వస్తాడని ఇంటివారు నమ్ముకున్నారు. ఆ ఓడ రాలేదు.

నేటి విహారయాత్రను ఆనాటి కష్టంతో పోల్చడం మా ఉద్దేశం కాదు. సముద్ర ప్రయాణానికి ప్రణాళిక వేసేవారు మొదట తిరుగు ప్రయాణాన్ని ఖాయం చేసుకోవాలన్నదే మేము చెప్పదలచింది.

విశాఖ నుంచి అండమాన్ రాజధానికి ఓడ సుమారు నెలకొకసారి వెళుతుంది. ఆ నగరం పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీవిజయపురంగా మార్చారు. సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. రెండున్నర రోజులకు అటూ ఇటూ పడుతుంది. ప్రకటించిన తేదీలు వాతావరణాన్ని బట్టి, ఓడ మరమ్మతులను బట్టి మారుతుంటాయి. కనుక రాజమండ్రి నుంచి విశాఖకు రైలు మూడు నాలుగు గంటలే గదా అని, ఓడ బయలుదేరే పూటకే చేరేలా టిక్కెట్టు తీసుకోకండి. ఒక రోజు ముందే చేరండి. అదే ఓడలో తిరిగి రావాలంటే అక్కడ ఎన్ని రోజులు ఆగవలసి వస్తుందో ముందే కనుక్కోండి. సెలవులు అంత లేకపోతే రెండు మార్గాలున్నాయి. విశాఖ కన్నా చెన్నైకి ఓడలు ఎక్కువగా నడుస్తాయి. చెన్నై నుంచి రాత్రి రైలులో రాజమండ్రి చేరవచ్చు. లేదా తిరుగు ప్రయాణం విమానంలో పెట్టుకోవచ్చు. ఏదైనా సరే, దానికి కావలసిన సొమ్ము ఖర్చు చేయకుండా విడిగా ఉంచుకోండి. ఆ సొమ్ము అప్పు తెచ్చినది కాకుండా చూసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. వర్షాకాలంలో అలల ఉధృతి ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది. కడుపులో తిప్పే స్వభావం గలవారు వైద్యుని సలహాతో మాత్రలు ముందే తీసుకోవాలి. ఓడ మధ్యభాగంలో కూర్చోవాలి, తేలికగా తినాలి. గుర్తింపు కార్డులు, పిల్లల మందులు, ఎండు ఫలహారాలు చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

ఇక నమాజు సంగతి. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా తగ్గుతుంది. ఓడ ఊగుతూ నిలబడడం సాధ్యం కాకపోతే కూర్చుని చేయవచ్చు. విశాఖ నుంచి ఓడ ఆగ్నేయంగా సాగుతుంది గనుక పోయేటప్పుడు ఖిబ్లా దాదాపు వెనుక వైపున, వచ్చేటప్పుడు ముందు వైపున ఉంటుంది. ఓడ ఉక్కు శరీరం వల్ల ఫోనులోని దిక్సూచి తప్పు చూపవచ్చు. ఓడ సిబ్బందిని అడిగి పడమర తెలుసుకోండి. ఇంటి దగ్గరి మసీదు సమయపట్టిక అక్కడ పనికిరాదు. అండమాన్‌లో మధ్యాహ్నం మనకన్నా సుమారు 40 నిమిషాలు ముందే అవుతుంది.

హనఫీ ఫిఖ్‌హ్‌లో మరొక నియమం ఉంది. ఒక ఊరిలో పదిహేను రోజులు ఉండాలని సంకల్పిస్తే నమాజు పూర్తిగా చేయాలి. ‘ఓడ రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది’ అని ఎదురుచూస్తూ ఎన్ని రోజులు గడచినా, అతను ప్రయాణికుడే. ఎప్పుడు తిరిగి వెళతామో తెలియని మనిషి అవస్థను మన ఫిఖ్‌హ్ పండితులు ఎంత బాగా గ్రహించారో చూడండి!

బయలుదేరే ముందు బాకీలు తీర్చండి. మీ దగ్గరున్న అమానతులు అప్పగించండి. తీరని అప్పుంటే కాగితం మీద రాసి నమ్మకమైన వారి చేతికివ్వండి. ఏ ఓడలో వెళుతున్నారో, ఏ తేదీన ఏ మార్గంలో తిరిగి వస్తారో ఇంటి పెద్దలకు రాసి ఇవ్వండి. మధ్య సముద్రంలో ఫోను పలకదు. ఆ రెండు మూడు రోజులూ మీ తల్లి చేతిలో ఉండేది ఆ కాగితమే.