ఇల్లలకగానే పండగ కాదు

కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిన రోజున కార్యాలయాల్లో కొబ్బరికాయ కొట్టి మిఠాయిలు పంచుతారు. మర్నాటి నుంచి పాత పుస్తకాలు బల్ల అడుగున రహస్యంగా బతుకుతుంటాయి. ఆ పుస్తకాల్లో ఏముందో, ఎందుకుందో రాసేవాణ్ణి ముందుగా ఎవరూ అడగకపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

మా మచ్చ బొల్లారం నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో ఒక చిన్న రసాయనాల ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడ ఈఆర్పీ కొనేముందు మా మేనేజరుగారు గుమాస్తాలందరినీ కూర్చోబెట్టి వాళ్ళ పని వాళ్ళచేతనే చెప్పించారు. స్టోరు గుమాస్తా ఒకాయన వచ్చిన సరుకును మూడు పుస్తకాల్లో ఎక్కించేవారు. రెండు అనవసరమని ఆయనే తేల్చారు. మూడోదాంట్లో కొన్ని అంకెల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. “పరీక్ష రిపోర్టు రానిదే ఆ డ్రమ్ము లోపలికి ఇవ్వకూడదు సార్, దానికి గుర్తు” అన్నారు. సాఫ్ట్‌వేరువాళ్ళ తెరల్లో ఆ సున్నాకు చోటే లేదు. అడగకపోయి ఉంటే పరీక్షించని సరుకు నేరుగా ఉత్పత్తిలోకి పోయేది.

అంతా చెప్పాక ఆయన మెల్లగా, “పుస్తకం తీసేస్తే నన్నూ తీసేస్తారా సార్?” అని అడిగారు. ఈ ప్రశ్నకు ముందే జవాబు చెప్పని చోట ఎవరూ నోరు విప్పరు. మా మేనేజరుగారు తీసేయమని అందరి ముందూ చెప్పి, మాట నిలబెట్టుకున్నారు.

1990లో మైకేల్ హ్యామర్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఫోర్డు కంపెనీ ఉదాహరణ ఉంది. బిల్లుల చెల్లింపు విభాగంలో అక్కడ 500 మందికి పైగా ఉంటే, మజ్దాలో ఐదుగురే ఉండేవారట. ఫోర్డువాళ్ళు ఇన్వాయిసు కోసం ఎదురుచూసే పద్ధతి మానేసి, సరుకు దిగినచోటనే ఆర్డరుతో సరిచూడటం మొదలుపెట్టారు. ఆ విభాగంలో మనుషులు 75 శాతం తగ్గారు. మా గుమాస్తాగారి భయం ఊరికే పుట్టినది కాదు మరి!

ఇదే సంగతిని ఇంకా పెద్ద ఎత్తున మా ప్రాంతమే చూసింది. శామీర్‌పేట దాటాక వచ్చే మూడుచింతలపల్లిలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. అంతకు ముందు నెలలోనే చట్టం చేసి వీఆర్వో పోస్టులు రద్దు చేశారు. వాళ్ళ మీద అవినీతి ఆరోపణలుండేవి; వాటిలో నిజమూ ఉంది. తహసీల్దారు దగ్గరే రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేసారి జరగడం నిజంగా మేలైన మార్పే. కానీ ఈ పొలం ఎవరి సాగులో ఉంది, ఈ సర్వే నంబరులో అన్నదమ్ముల వాటాలెలా పడ్డాయి అన్నది ఊళ్ళో తెలిసిన ఉద్యోగి, వ్యవస్థ మొదలయ్యేనాటికే లేడు. పేరు తప్పుపడ్డా, భూమి నిషేధిత జాబితాకెక్కినా, కళ్ళెదుట ఉన్న తహసీల్దారు దిద్దలేని పరిస్థితి వచ్చింది. రైతు కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది. ఏ తప్పుకు ఏ మాడ్యూలో వెతుక్కోవలసి వచ్చేది. భూమి కాగితం సరిగా లేకపోతే అప్పు పుట్టదు, అమ్ముకుని పిల్ల పెళ్ళి చేద్దామన్నా కుదరదు.

తర్వాత భూభారతి చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ముందుగా నాలుగు మండలాల్లో సదస్సులు పెట్టి ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ఆ సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులను నియమించారు. వాళ్ళను పాత వీఆర్వో, వీఆర్‌ఏల్లోంచే పరీక్ష పెట్టి ఎంపిక చేయడం గమనించవలసిన విషయం. ఐదేళ్ళ క్రితం అక్కర్లేదనుకున్న జ్ఞానానికి మళ్ళీ ఉద్యోగం దొరికిందన్నమాట.

అవినీతిపరుణ్ణి తప్పించడానికీ, అతని చేతిలోని పని వివరాన్ని భద్రం చేసుకోవడానికీ వైరుధ్యం లేదు. ముందు పని వివరం రాయించుకోవాలి, ఆ పైన పద్ధతి మార్చాలి, తెర గీయడం చివర. మీ కార్యాలయాల్లో ఈ వరస ఎలా నడిచిందో, బల్లల అడుగున ఇంకా ఏ పుస్తకాలున్నాయో మీరూ చెబితే వినాలనుంది.