చారు మరిగితే ఉప్పెక్కుతుంది

స్టడీ ప్రాజెక్టుకి అందరూ కవుల్నీ కథకుల్నీ ఎంచుకుంటే నేను "మామూలు మనుషులకు సైన్స్ చెప్పడం ఎలా" అని రాసిచ్చాను. క్లాసంతా నవ్వింది. "టెన్త్‌తోనే సైన్స్‌కి దండం పెట్టినదానివి, ఇప్పుడు మళ్లీ దాని వెంట పడ్డావేంటే" అంది నా పక్క బెంచీ ఆమె. (పేరు రాయను. ఈ గోడ దగ్గరికి రోజూ వస్తుంది.)

ఈ ప్రాజెక్టుకి పాఠాలుండవు, ఎవరిది వాళ్లే చదువుకుని చేసుకోవాలి. మేడమ్ ఒక్క మాటే చెప్పారు: "సైన్స్ మొత్తం నెత్తిన వేసుకోకు. ఒక్క విషయం తీసుకో. వినే మనిషి ఎవరో ముందు చూసుకో."

విషయం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. మాది చంద్రపూర్. మన దగ్గర ఫ్లోరైడ్ అంటే నల్గొండ గుర్తొస్తుంది కదా. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతి ఒకటుంది, దాని పేరే "నల్గొండ పద్ధతి". 1970లలో దాన్ని తయారుచేసింది మాత్రం నాగపూర్‌లోని నీరి సంస్థ. మా ఇంటికి మూడు గంటల దూరంలో పుట్టినదానికి తెలుగు జిల్లా పేరు! చంద్రపూర్ జిల్లాలోనూ కొన్నిచోట్ల భూమిలోపలి నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అదీ హద్దు.

లైబ్రరీలో చాలానే చదివాను. ముంబయిలో భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ తెలుగులో సైన్స్ రాసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి వ్యాసాలు చదివినప్పుడు, మహారాష్ట్రలో ఉండి తెలుగులో రాశారు కదా అని ఆయన మా చుట్టంలా అనిపించారు. నోట్సు నిండింది. దసరా సెలవులకి ఇంటికెళ్లి పోస్టర్ వేశాను, ఒక సగం తెలుగు, ఒక సగం మరాఠీ. మా గల్లీ కూడా అలాగే ఉంటుంది. గనుల్లో పనికొచ్చి ఉండిపోయిన తెలుగువాళ్లు సగం. మా ఇల్లూ అంతే, అమ్మ తెలుగు, బాబా మరాఠీ.

పోస్టర్ మీద ఏం రాశానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "భూగర్భజలాలలో అనుమతించదగిన పరిమితిని మించిన ఫ్లోరైడ్ దంత, అస్థి ఫ్లోరోసిస్‌కు దారితీయును." కిరాణా కొట్టు గోడకి అంటించి పక్కనే నిలబడ్డాను. రెండు రోజులు ఎవరూ ఆగలేదు. మూడో రోజు ఎదురింటి అత్త ఆగి, "ఏంది బిడ్డా, ఏమన్న మీటింగున్నదా?" అని అడిగింది.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు అందరూ కూచున్నప్పుడు నోటితోనే చెప్పాను. అత్త వెంటనే, "మాకేం కాదు, మేం నీళ్లు కాగబెట్టుకొనే తాగుతం" అంది. పక్కింటి కాకూ కూడా అదే మాట. "పాణీ ఉకళూన్ ప్యా", నీళ్లు మరిగించి తాగండి అని వాళ్లు ఎప్పటినుంచో వింటున్నదే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు అన్నాను. ఇద్దరూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇన్నేళ్లు గ్యాసు తగలేసి చేసిన పనిని ఈ పిల్ల తప్పంటోందే అన్నట్టు! ఆవిరి అన్నాను, గాఢత అన్నాను, చేతులు తిప్పాను. లాభం లేదు.

లోపల్నుంచి అమ్మ అడిగింది: "వదినా, చారు పొయ్యి మీద మర్చిపోతే ఏమైతది?"

"ఉప్పెక్కుతది."

"మరి నీళ్లు ఆవిరై పోయినయి. ఉప్పు పోయిందా?"

అయిపోయింది. అదే మాట కాకూకి ఆమ్టీ పేరుతో మరాఠీలో చెప్పింది. కాకూ తలూపింది. నేను మూడు నెలలు చదివింది అమ్మ చారుగిన్నెలో పెట్టి ఇచ్చేసింది. సంతోషంగానూ అనిపించింది, కొంచెం కోపంగానూ అనిపించింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున అత్త ఎదురై, "ఇయ్యాల కాగబెట్టనే లేదు. నువ్వే చెప్తివి గదా, ఉత్తదేనని. గ్యాసు మిగిలింది" అంది. ఆ ఇంట్లో రెండేళ్ల మనవడున్నాడు. నాకు గుండె గుభేలుమంది. మరిగించేది క్రిములు చావడానికి. ఫ్లోరైడ్ ప్రాణమున్నది కాదు చావడానికి, అది రాయిలోంచి కరిగి వచ్చిన లవణం. రెండింటికీ సంబంధం లేదు. ఈ సంగతి నాకు తెలుసు, చెప్పలేదంతే. చెప్పాలని తట్టలేదు. "అత్తా, తలుపేస్తే దొంగ రాడు, దోమ రాదా? దోమ వస్తుందని తలుపు తీసి పెడతామా?" అన్నాను. నవ్వి, గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆ మధ్యాహ్నం మిగిలిన ఇళ్లన్నీ తిరిగాను. చారు మాట నాకన్నా ముందే అన్ని గడపలూ ఎక్కింది, నేను మిగతా సగం మాట పట్టుకుని దాని వెనక తిరగాల్సి వచ్చింది.

కాకూ మాత్రం ఒక్క ప్రశ్న వేసింది. "ఇంతకీ మన బోరింగులో ఉందా, లేదా?"

ఎండాకాలం నల్లా రాని రోజు మా గల్లీకి ఆ బోరింగే దిక్కు. నా పోస్టర్‌లో నల్గొండ ఉంది, నాగపూర్ ఉంది. మా బోరింగు లేదు. మర్నాడు బాబా బండి మీద వెళ్లి జిల్లా ల్యాబ్‌లో ఒక సీసా నీళ్లు ఇచ్చి వచ్చాం. రిపోర్టు ఇంకా రావాలి.

ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ ఆజీ, అంటే మా నానమ్మ, ఏమీ మాట్లాడలేదు. ఆజీ ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి. నవ్వితే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అది మిశ్రీ అలవాటని అందరం అనుకునేవాళ్లం, ఇక్కడ ఆడవాళ్లు చాలామంది ఆ పొగాకు పొడితో పళ్లు తోముతారు. ఏడేళ్లప్పుడు నేనే నా బ్రష్షు ఇచ్చి, "ఆజీ, బాగా తోముకో" అన్నానట.

ఆ రాత్రి పక్కలో పడుకున్నాక మెల్లగా అడిగింది: "అంటే, అది తోమితే పోయేది కాదా?"

కాదన్నాను. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల ఆ రంగు లోపల్నుంచే వస్తుంది. ఎనిమిదేళ్లు దాటాక తాగిన నీళ్లతో ముందు పళ్ల మీద అలాంటి చారలు రావు. డాక్టరు చూడకుండా నీకూ అదేనని చెప్పలేను గానీ, అయ్యుండొచ్చు అన్నాను. మిశ్రీ ఆజీ ఒక్కసారి కూడా ముట్టలేదట. పెళ్లైన కొత్తలో అత్తగారు అడిగిందని బొగ్గుపొడితో, ఇటుకపొడితో చిగుళ్లు పగిలేలా తోమేదట.

"మా అక్కచెల్లెళ్లం నలుగురికీ ఉండేవి" అంది. "ఊళ్లో చాలామందికుండేవి. వేరే ఊర్నుంచి వచ్చే మా మేనత్త కూతురికి మాత్రం లేవు. మా బావి నీళ్లేనేమో అని మా అమ్మ అనేది."

నేను లేచి కూచున్నాను. లైబ్రరీలో చదివిన ఒక సంగతి గుర్తొచ్చింది. 1923లో అమెరికాలో ఓక్లీ అనే ఊరికి ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు వెళ్లాడు. కొత్త పైపులో నీళ్లు వచ్చినప్పటినుంచే పిల్లల పళ్లు పాడయ్యాయని తల్లిదండ్రులు ఆయనకు చెప్పారు. నీళ్లు పరీక్షిస్తే ఏమీ కనిపించలేదు. అయినా వాళ్ల మాట విని ఆ పైపు మాన్పించాడు. కొన్నేళ్లకి చిన్నపిల్లలకు మంచి పళ్లు వచ్చాయి. కారణం ఫ్లోరైడ్ అని తేలింది 1931లో.

"మరి మీ అమ్మ ఆ మాట ఎవరికైనా చెప్పిందా ఆజీ?"

"అడిగిందెవరు?" అంది.

తిరిగొచ్చే రోజు, నా సంచిలో జొన్నరొట్టెల పక్కన ఆజీ ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టింది, కడిగి, ఆరబెట్టి, మూత బిగించి. వాళ్ల ఊరు వరోరా వైపు. ఆ బావి పూడ్చేశారు, పక్కన బోరింగు ఒకటుందట. బావి నీళ్లూ బోరింగు నీళ్లూ ఒకటి కావు ఆజీ అని చెప్పాను. అయినా సరే, చూపించు అంది.

సీసా ఇప్పుడు హాస్టల్లో నా పెట్టెలో ఉంది. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు ఆజీనీ వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాలి.