పుట్టింటి పేరుతో వెతుకు

మా అక్క కూతురు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పాతకాలపు తెలుగు రచయిత్రుల మీదట. సెలవలకి మా యింటికొచ్చినా ఆ ల్యాప్‌టాప్ వొళ్ళోంచి దిగదు. “మీకేమిటే, మీట నొక్కితే పుస్తకాలన్నీ వచ్చి వాలతాయి!” అన్నాను ఓ రోజు.

“పిలిచిన పేరుకి పలికేవే వాలతాయి పిన్నీ! మన ఆడవాళ్ళు పిలవగానే పలుకుతారా?” అంది.

భండారు అచ్చమాంబగారి సంగతే చూడండి. 1874లో పుట్టి, 1905లోనే వెళ్ళిపోయిన మనిషి. ఆవిడ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయవలసి వస్తే, ఒకరు ‘సి’లు రెండు వేసి ఓ ‘హెచ్’ తగిలిస్తారు. ఇంకొకరు ‘సిహెచ్’నే రెండుసార్లు రాస్తారు. మరొకరు ముందు ఓ ‘టి’ చేరుస్తారు. డేటాబేస్ అనే ఆ పెద్ద జాబితాకి ఇవన్నీ ఒక్కరేనని ఎవరు చెప్పాలి? అక్షరం తేడా వస్తే చాలు, “అలాంటివారెవరూ లేరు” అని చాలాసార్లు తలుపేసేస్తుంది. అంచేత మా పిల్ల ఒకే పేరుని పదిరకాలుగా రాసుకుని, ఒక్కొక్కటే కొట్టి చూస్తుంది.

అప్పటికీ దొరక్కపోతే చుట్టాల్ని వాకబు చేస్తుంది. మనకి ఇంటిపేర్లు రెండు కదా! ఆవిడ అత్తింటివారు భండారువారు, పుట్టింటివారు కొమర్రాజువారు. ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారికి ఆవిడ స్వయానా అక్కగారు. తమ్ముడి గురించి రాసిన పుస్తకంలో అక్కగారి కబురు దొరుకుతుంది. దాని చివర ఉన్న పాత పుస్తకాల పట్టీ మరో పుస్తకం దారి చూపిస్తుంది. తీగ లాగితే డొంక కదిలినట్టే. పెళ్ళి సంబంధాలకి మనం ఆరా తీసే పద్ధతి కాదుటండీ ఇది!

ఇంకో చిక్కుంది. పాత పత్రికలు చాలావాటిని పుటపుటకీ ఫోటో తీసి పెట్టారు. ఆ అరిగిపోయిన అచ్చు మన కంటికి ఆనుతుంది గాని, యంత్రానికి సరిగ్గా చదవడం రాదు. అప్పుడిక బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్క పుటా తిప్పుకోవలసిందే.

ఇంత శ్రమ దేనికంటారా? తెలుగులో మొదటి కథ అంటే 1910లో వచ్చిన గురజాడవారి ‘దిద్దుబాటు’ అని చాలాకాలం చెప్పుకున్నాం. అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902లోనే అచ్చయిందని పాత పత్రికలు తిరగేసినవాళ్ళు చూపించాక ఆ మాట మీద చర్చ రేగింది. వెతికేవాళ్ళు లేకపోతే ఆ కథ ఉండీ లేనట్టే గదా! ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో ఎందరో స్త్రీల చరిత్రలు ఏర్చి కూర్చిన ఆవిడే మరుగున పడిపోతే అంతకన్నా అన్యాయం ఉందా?

అందుకే చెబుతున్నాను. అటక మీద పాత పత్రికలుంటే, కాగితాలవాడికి తూకానికి వేసేముందు ఓసారి దులిపి చూడండి. మీ అమ్మమ్మగారో, నాయనమ్మగారో రాసిన ముక్క కనిపిస్తే, పక్కన పెన్సిలుతో ఆవిడ పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ రాసి పెట్టండి. అది ఏ జాబితాలోనూ ఉండదు, మీకే తెలుసు.