మూత తెరిస్తే చీకటి

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక తన పాత లాప్‌టాప్ నాకిచ్చింది. విండోస్‌తో నత్తలా నడుస్తోందని ఉబుంటు వేసి మరీ ఇచ్చింది. అది కూడా లైనక్సేనట. రెండేళ్లుగా ఈ కబుర్లన్నీ దాంట్లోనే రాస్తున్నాను.

పోయిన నెల ఒకరోజు మూతేసి వంటింట్లోకి వెళ్లి, పని అయ్యాక తెరిస్తే స్క్రీన్ నల్లగా ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆపి మళ్లీ ఆన్ చేసినా అంతే. జగ్గయ్యపేట నుంచి నందిగామ తీసుకెళ్లి షాపులో చూపించాం. "స్క్రీన్ పోయిందండీ, ఏడువేలవుతుంది. దానికంటే కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

మావారు సరే, తీసేద్దాం అన్నారు. తిరుగు బస్సులో నేనేం మాట్లాడలేదు. పోయిన మా అత్తయ్య చెబుతుంటే టైపు చేసుకున్న పచ్చళ్ల కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. తప్పు నాదే.

రాత్రి అమ్మాయికి ఫోన్ చేస్తే, "అమ్మా, లైటు ఆపేసి స్క్రీన్ మీదకి సెల్ టార్చి ఏటవాలుగా వేసి చూడు" అంది. చూస్తే సన్నగా, నీడల్లా అక్షరాలు! అంటే స్క్రీన్ బాగానే ఉంది, వెనక లైటు వెలగట్లేదు, అంతే.

టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టించింది. బొమ్మ టీవీలో వచ్చింది. టెర్మినల్ తెరిచి, అది ఒక్కో అక్షరం చెబుతుంటే కొట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ పడకపోతే కంగారుపడ్డాను. అలా కనపడకుండానే తీసుకుంటుందట. సిస్ ఫోల్డరు లోపల క్లాస్, అందులో బ్యాక్‌లైట్ అని ఉంటుంది. వెలుగు అంకె అక్కడ 1 అని ఉంది. ఉండదగ్గ ఎక్కువ 937. దాన్ని 500 చేసి ఎంటర్ నొక్కానో లేదో, స్క్రీన్ భళ్లున వెలిగింది. నేను అరిచిన అరుపుకి మావారు లేచొచ్చారు.

కానీ మూతేసి తీస్తే మళ్లీ చీకటే. అందుకని లాగిన్‌డీ.కాన్ఫ్ అనే ఫైల్లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ అన్న వరస ముందున్న హ్యాష్ గుర్తు తీయించి, ఎదురుగా ఇగ్నోర్ అని రాయించింది. ఆపి ఆన్ చేశాక, మూతేసినా నిద్రపోవడం మానేసింది. ఒక్కటే జాగ్రత్త: మూతేసినా లోపల నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆపకుండా సంచిలో పెడితే వేడెక్కిపోతుంది. అందరి లాప్‌టాప్‌కీ ఇదే మందు పనిచేయదట, కానీ టార్చి పరీక్ష మాత్రం షాపుకి వెళ్లేముందు మీరూ చేసి చూడండి.

ఆ రాత్రే కొలతలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. గోంగూర పచ్చడి దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఉప్పు నీ చేతికి తెలిసినంత" అని ఆవిడ అన్నది అన్నట్టే రాసి ఉంది.