మా పిన్ని చదివిన బడి

మా పిన్ని 2019లో థాయ్‌లాండ్ దేశంలోని చియాంగ్ మాయ్ పట్టణానికి వెళ్లి మిషనరీ ట్రైనింగు చేసింది. ఆ బడి యూత్ విత్ ఎ మిషన్ వాళ్లది. ఆ సంస్థ 1960లో అమెరికాలో మొదలయింది. మూడు నెలలు క్లాసులు, తర్వాత ఊళ్లల్లోకి వెళ్లి పనిచెయ్యాలి.

కొరియా, బ్రెజిల్, జర్మనీ అమ్మాయిలు అందరూ ఒక్క గదిలోనే పడుకునేవారంట. మన డార్మెట్రీ లాగే! గిన్నెలు తోమడం, బాత్‌రూములు కడగడం వంతులు. తెల్లోళ్లు కూడా కడుగుతారా అని మా అవ్వ ఇప్పటికీ నమ్మదు. కొరియా అమ్మాయికి ఇంగ్లీషు రాకపోతే ఎవరూ నవ్వలేదంట. పక్కన ఒకరు కూర్చుని ఆమె భాషలో చెప్పేవారంట. నేను ఆరో తరగతిలో తెలుగు తప్పు మాట్లాడితే మీరు ఎంత నవ్వారో గుర్తుందా?

పిన్ని పక్క మంచం అమ్మాయి కరెన్. వాళ్లూ మనలాగే కొండల్లోవాళ్లు. పొద్దున్నే తన భాషలోనే బైబిలు చదివేది. 1830ల్లో జోనాథన్ వేడ్ అనే మిషనరీ బర్మా అక్షరాలతో వాళ్ల భాషకి లిపి తయారుచేశాడు. ఒకరోజు ఆ అమ్మాయి "నీ భాషలో చదువు, వింటాను" అంది. పిన్ని దగ్గర ఉన్నది తెలుగు బైబిలు. మా ఇంట్లో భాష కువి. పిన్ని చూసి చూసి నోటితోనే కువిలోకి మార్చి చెప్పింది. సగంలో ఏడుపొచ్చిందంట. ఎందుకు అంటే చెప్పదు.

వార్డెన్ మేడంగారూ, వచ్చే నెల ఈ గోడపత్రికలో కింద మూల నాకు జానెడు చోటు ఇప్పించండి. మా అవ్వ చెప్పిన కథ కువిలోనే, తెలుగు అక్షరాలతో రాస్తాను. అర్థం కాకపోతే నన్ను అడగండి, చెప్తాను.